'టేకాఫ్'కు స్పానిష్‌లో ఒక్క మాట చాలదు

మీ పాప లేదా బాబు స్పానిష్ తీసుకున్నారా? ఇంగ్లిష్ ఫ్రేజల్ వెర్బ్స్ దగ్గర కాస్త గమనించండి. 'టేక్', 'ఆఫ్' అని విడివిడిగా డిక్షనరీలో వెతికితే అర్థం పోతుంది, మార్కులూ పోతాయి.

విమానం టేకాఫ్ అయితే 'దెస్పెగార్'. అసలు అర్థం, అంటుకున్నది ఊడిరావడం. విమానం నేలను వదలడమూ అంతే కదా! వ్యాపారం ఊపందుకున్నా ఇదే మాట. షూస్ టేకాఫ్ చేస్తే మాత్రం 'కితార్సె'. 'పికప్' ఇంకా చిక్కు: స్కూల్ నుంచి పిల్లల్ని తీసుకెళ్లడం 'రెకొహెర్', వింటూ వింటూ భాష వంటబట్టడం 'అప్రెందెర్'.

మీకు స్పానిష్ రాకపోయినా ఫర్వాలేదు. "ఇక్కడ తెలుగులో ఏమంటాం?" అని అడగండి. విమానం 'పైకి లేచింది', షూస్ 'విప్పాడు' అనగానే రెండూ వేరని వాళ్లకే తెలుస్తుంది. డిక్షనరీ ఆ తర్వాతే తెరవనివ్వండి.