చౌక సరుకులోంచి పుట్టిన అమెరికా రుచులు

అమెరికా తిండి అనగానే బర్గరు, కోలా, చిప్సు ప్యాకెట్టు కళ్లముందు మెదులుతాయి. ఆ దేశానికి సొంత వంటంటూ లేదని, ఉన్నదల్లా కంపెనీల సరుకేనని చాలామంది తేల్చేస్తారు. కానీ ప్రాంతానికొక రకంగా మారే అక్కడి వంటకాల పుట్టుపూర్వోత్తరాలు చూస్తే, పేరుమోసిన వాటిలో చాలావాటికి కష్టజీవుల ఆకలి, చేతికందిన చౌక సరుకు మూలమని తెలుస్తుంది. న్యూ ఆర్లీన్స్‌లోని పో బాయ్ శాండ్‌విచ్ సంగతే చూద్దాం. 1929 జులైలో ఆ ఊరి ట్రామ్ కార్మికులు సమ్మెకు దిగారు. బెన్నీ, క్లోవిస్ మార్టిన్ అనే అన్నదమ్ములు ఒకప్పుడు ట్రామ్ కండక్టర్లు. అప్పటికి హోటలు పెట్టుకున్నారు. సమ్మెలో ఉన్న పాత సహచరులకు ఉచితంగా తిండి పెడతామని మాటిచ్చారు. చిక్కల్లా రొట్టెతోనే. ఫ్రెంచి రొట్టె కొసలు సన్నబడి ఉంటాయి కాబట్టి ముక్కలు సమానంగా రావు. జాన్ జెండూసా అనే బేకరీ యజమాని ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకే లావుండే పొడవాటి రొట్టె చేసిచ్చాడు. ఇవాళ పర్యాటకులు ఎగబడి తినే ఆ వంటకానికి రూపం అలా వచ్చింది, పంపకంలో తేడా రాకూడదన్న పట్టింపుతో.

టెక్సస్ బార్బెక్యూదీ ఇలాంటి కథే. అక్కడ స్థిరపడిన జర్మన్, చెక్ మాంసం వ్యాపారులు అమ్ముడుపోని మాంసాన్ని పొగబెట్టి వండేవారు. పత్తి తీతకొచ్చిన కూలీలు దాన్ని కాగితంలోనే పెట్టుకుని తినేవారు. తర్వాతి కాలంలో ఆ వంటకు గుర్తుగా నిలిచిన బ్రిస్కెట్, అంటే పశువు రొమ్ముభాగం, నమలలేనంత గట్టిది. కట్టెల సన్నసెగన పది పన్నెండు గంటలు ఉంచితే అందులోని కొల్లాజెన్ జెలటిన్‌గా మారి మాంసం మెత్తబడుతుంది. డబ్బు లేనిచోట ఓపికే మసాలా.

ఇవన్నీ కట్టుకథలు కావచ్చు కదా అనొచ్చు. కొన్ని నిజంగానే కట్టుకథలు. బంగాళాదుంప చిప్సును 1853లో సరటోగాలో జార్జ్ క్రమ్ కనిపెట్టాడంటారు. అలాంటి వేపుడు 1817 నాటి ఇంగ్లిష్ వంటపుస్తకంలోనే ఉంది. బఫెలో నగరం పేరుతో పిలిచే కోడిరెక్కల వంటకం ఘనత 1964లో వాటిని వండిన టెరెసా బెలిసిమోదని కొందరు, అదే ఊళ్లో రెక్కలమ్మిన జాన్ యంగ్‌దని కొందరు వాదిస్తారు. ఎవరు ముందైనా, అప్పట్లో సూపు కాచడానికి తప్ప కొరగాని చౌక ముక్క రెక్కే అన్నది మారదు. ఇక అంతా వలస వచ్చినవాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నదే అనేవారికి జవాబు సులువు: మన ఆవకాయలోని మిరప కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే.

కంపెనీల విషయం మాత్రం అంత తేలిగ్గా తీసేయలేం. ఫ్లోరిడా కీస్ దీవుల్లో తాజా పాలు దొరకని రోజుల్లో, డబ్బాపాలలో స్థానిక నిమ్మరసం, గుడ్డుసొన కలిపి కీ లైమ్ పై అనే తీపి వంటకం చేసుకున్నారు. అక్కడ ఫ్యాక్టరీ సరుకే ఊరి వంటకమైంది. 1932లో శాన్ ఆంటోనియోలో జరిగింది దీనికి తలకిందులు. ఒక మెక్సికన్ తయారీదారు అమ్ముతున్న మొక్కజొన్న వేపుళ్ల కిటుకును చార్లెస్ ఎల్మర్ డూలిన్ 100 డాలర్లకు కొని, ఫ్రిటోస్ పేరుతో వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ బ్రాండు ఇప్పుడు పెప్సీకోది. అమెరికా తిండి మీద ఫిర్యాదు చేయాల్సి వస్తే నేను రుచి జోలికి పోను, ఈ 100 డాలర్ల లెక్క దగ్గరే ఆగుతాను.