హతసాక్షి అంటే ముందు సాక్షి: కంధమాల్ చెబుతున్న విశ్వాస పాఠం

1922 ఆగస్టు 22న అల్లూరి దళం పోలీస్ స్టేషన్‌పై దాడి చేసిన ఊరు చింతపల్లి. ఆ చుట్టుపక్కల ఉండే కోందులే తూర్పు కనుమల వెంట ఉత్తరానికి వెళ్తే ఒడిశాలోని కంధమాల్‌లోనూ ఉన్నారు. అక్కడ వారిని కంధలంటారు. ఎంత హింసించినా చెడుపై చివరి గెలుపు దేవుడిదేనన్న క్రైస్తవ నమ్మకానికి ఈ కొండల్లో పెద్ద పరీక్ష జరిగింది అక్కడే.

2008 ఆగస్టు 23న స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య జరిగింది. చేసింది తామేనని మావోయిస్టులు ప్రకటించినా దాడులు మాత్రం క్రైస్తవుల మీద జరిగాయి. బాధితుల్లో ఎక్కువమంది పాణో దళితులు, కంధ ఆదివాసీలు. ప్రభుత్వ లెక్కలోనే మృతులు సుమారు 40 మంది. 50 వేల మందికి పైగా ఇళ్లు వదిలి పారిపోయారు. మతం వదిలితేనే ఊళ్లోకి రానిస్తామని చాలాచోట్ల బెదిరించారు. ఎందరో ఒప్పుకోలేదు.

ఎందుకు ఒప్పుకోలేదు?

శిలువ రోమా ప్రభుత్వం యేసుకు వేసిన శిక్ష. పునరుత్థానం అంటే ఆ తీర్పును దేవుడు కొట్టేశాడని క్రైస్తవులు నమ్ముతారు. చెడు ఇంకా కాటేస్తూనే ఉన్నా, చివరి మాట దానిది కాదు. రోమా పాలన కింద నలిగిన సంఘాల కోసం రాసిన ప్రకటన గ్రంథంలో గెలిచేది వధించబడిన గొర్రెపిల్లే. ఆ గెలుపులో విశ్వాసుల వంతు సాక్ష్యం చెప్పడం. తెలుగు క్రైస్తవులు వాడే 'హతసాక్షి' అన్న మాటలోనే ఆ సంగతి ఉంది. కంధమాల్‌లో చనిపోయిన 35 మందిని హతసాక్షులుగా ప్రకటించే ప్రక్రియకు 2023 అక్టోబరులో వాటికన్ అనుమతించింది.

బతికినవాళ్లు కోర్టుల్లో సాక్షులయ్యారు. ఆర్చిబిషప్ రాఫెల్ చీనత్ పిటిషన్‌పై 2016 ఆగస్టు 2న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నమోదైన 827 కేసుల్లో 315 కేసులను పోలీసులు మూసేశారని, వాటిని మళ్లీ పరిశీలించాలని, పరిహారం పెంచాలని చెప్పింది. అప్పటికి శిక్షలు పడినవి 78 కేసుల్లోనే. మరో పన్నెండు రోజులకు చీనత్ కన్నుమూశారు.

మతం మారాక క్రైస్తవులు సామాజిక అన్యాయంపై పోరాడలేదని అంబేడ్కర్ విమర్శించారు. ఆ విమర్శ నేటికీ మన సంఘాలకు తగులుతుంది. పరలోకంలో న్యాయం జరుగుతుందిలే అని ఫిర్యాదు మానుకుంటే, ఆ విశ్వాసం దాడి చేసినవాడికే మేలు చేస్తుంది. కంధమాల్ సాక్షులు అలా ఊరుకోలేదు.

చట్టం మాత్రం వారిని విడదీసింది. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. అందుకే పాణో క్రైస్తవులకు అట్రాసిటీ చట్టం అండ లేదు. 2025 ఏప్రిల్ 30న గుంటూరు జిల్లా పాస్టర్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇదే చెప్పింది. ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు కాబట్టి చింతపల్లి ఆదివాసీ క్రైస్తవులకు ఆ రక్షణ ఉంది. మతం మారిన ఆదివాసీలను జాబితా నుంచి తొలగించాలన్న 'డీలిస్టింగ్' డిమాండ్ గురిపెట్టింది దాన్నే.

దేవుడే గెలుస్తాడని నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు ఈ ఒక్క విషయంలో కలిసి నిలబడాలని మేం కోరుతున్నాం. దాడి జరిగితే ఎఫ్‌ఐఆర్ నమోదయ్యేదాకా స్టేషన్ దగ్గర ఉందాం. సాక్షిని ఒంటరిగా కోర్టుకు పంపొద్దు.