మొనగాడు

'మొనగాడు' అన్న మాట ఈనాడు పొగడ్తగానో, వెక్కిరింతగానో మాత్రమే వినబడుతున్నది. పూర్వం అది యుద్ధభూమిలో ఒక స్థానాన్ని తెలిపే మాట. మొన అంటే కత్తికొన, బాణపుకొన. సేనకు ముందుభాగం కూడా మొనయే. అక్కడ నిలిచి, వెనుకనున్న వారి మీద పడవలసిన తొలిదెబ్బను తన మీద వేసుకొనేవాడు మొనగాడు. కొట్టడంలో దిట్ట అని కాక, కాచడంలో దిట్ట అని ఆ మాటకు మొదటి ధ్వని.

ఈ మొనగాడు నేటి పిల్లల ఆటలలో మరొక పేరుతో మళ్ళీ పుట్టినాడు. విజయనగరంలోనైనా, శ్రీకాకుళంలోనైనా కంప్యూటరు ముందు కూర్చున్న కళాశాల విద్యార్థిని అడిగితే, వాడిని 'ట్యాంకు' అంటారని చెబుతాడు. పేరు యుద్ధశకటం నుంచి వచ్చింది. పని మాత్రం మన మొనగాడిదే. పెద్దలు ఈ ఆటలను కాలహరణమని తోసిపుచ్చడం సహజం. అయితే వాటిలో ఇమిడివున్న ఒక ప్రశ్న చాలా పాతది, చాలా పెద్దది. నలుగురు కలిసి ఆపదలోకి అడుగుపెట్టినప్పుడు దెబ్బ ఎవరు తినాలి? తినేవాడు ఎట్లా తయారు కావాలి?

1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను వెలువరించినారు. కాగితం, పెన్సిలు, పాచికలు ఉంటే చాలు. ఒకడు కథ నడుపుతాడు. తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి ఆ కథలో నడుస్తారు. ఒకడు కవచధారి, ఒకడు మంత్రవేత్త, ఒకడు వైద్యుడు, ఒకడు వేగులవాడు. ఆ ఆటకు పుట్టిన బిడ్డలు కంప్యూటరులో లెక్కకు మించి ఉన్నాయి. బెల్జియం దేశానికి చెందిన లారియన్ సంస్థ 2023లో విడుదల చేసిన 'బాల్డర్స్ గేట్ 3' వాటిలో మిక్కిలి పేరు పొందినది. అందులో నలుగురు జట్టుగా నడుస్తారు.

పాత్రను మలచుకొనే పద్ధతిలో ఒక నీతి ఉన్నది. ప్రతి పాత్రకు ఆరు గుణాలు: బలం, చురుకుదనం, దేహదార్ఢ్యం, బుద్ధి, వివేకం, ఆకర్షణ. ప్రతి గుణమూ 8 అంకెతో మొదలవుతుంది. పెంచుకోవడానికి చేతికి ఇచ్చే పెట్టుబడి 27 మాత్రమే. 8ని 13 చేయడానికి అయిదు చాలు. ఆ పైన ఒక్కొక్క మెట్టుకు రెండేసి చెల్లించాలి. 15 దగ్గర హద్దు. అనగా ఒక గుణాన్ని 15కు తెచ్చుకోవడానికి 9 ఖర్చు. మూడు గుణాలను శిఖరానికి చేర్చితే 27 పూర్తిగా అయిపోతుంది. మిగిలిన మూడు గుణాలూ 8 దగ్గరే పడివుంటాయి. బృహస్పతి బుద్ధీ భీముని బలమూ ఒక్కనిలో పోగుపడవని ఈ లెక్క చెబుతున్నది. అందువల్లనే జట్టు అవసరమవుతున్నది. ఒకని లోటు మరొకని నిండుదనంతో పూడాలి.

మొనగాని పాత్రను మలిచేవాడు బలానికి 15, దార్ఢ్యానికి 15 ఇస్తాడు. అనుభవంలేనివాడు మూడవ 15ను ఎక్కడ ఉంచాలో తెలియక తడబడతాడు. అనుభవజ్ఞుడు దానిని వివేకానికి ఇస్తాడు. ఎందుకంటే మనస్సును వశపరచుకొనే మంత్రాలను, కదలకుండ కట్టివేసే మంత్రాలను ఎదిరించేది ఆ గుణమే. వివేకం లేని మొనగానిని శత్రువు కత్తితో పడగొట్టనక్కరలేదు. మాటతో తనవైపు త్రిప్పుకొంటే చాలు. అప్పుడు ఆ బలమంతా స్వజనం మీదనే విరుచుకు పడుతుంది.

ఇక కవచం సంగతి. ఈ ఆటలో దెబ్బ తగిలిందీ లేనిదీ ఇరవై ముఖాల పాచిక నిర్ణయిస్తుంది. పాచిక మీద పడిన అంకెకు కొట్టేవాని నేర్పును కలుపుతారు. ఆ మొత్తం ఎదుటివాని రక్షణాంకాన్ని అందుకొంటే దెబ్బ తగిలినట్లు. శత్రువు నేర్పు 5 అనుకొందాం. రక్షణాంకం 15 గలవానిని కొట్టడానికి పాచిక మీద 10 గాని అంతకు మించి గాని పడాలి; నూటికి 55 పాళ్లు తగులుతుంది. ఉక్కుకవచమూ డాలూ ధరించి రక్షణాంకాన్ని 20 చేసుకొన్నవానికి ఆ ప్రమాదం 30 పాళ్లకు దిగుతుంది. చూడగానే ఇది గొప్ప లాభంగా తోస్తుంది.

కాని చిక్కు ఇక్కడనే ఉన్నది. పక్కనే పలుచని అంగీతో, రక్షణాంకం 12తో మంత్రవేత్త నిలిచివున్నాడు. అతనిని కొట్టే అవకాశం 70 పాళ్లు. తెలివిగల శత్రువు ఉక్కుగోడను ఎందుకు గుద్దుతాడు? గోడను చుట్టివచ్చి మెత్తని చోటనే పొడుస్తాడు. ఎంత గట్టి కవచం తొడిగితే శత్రువు అంతగా తనను విడిచి తనవారి మీదికి పోతాడు. తనను తాను కాచుకోవడం వేరు, తనవారిని కాచడం వేరు అన్న సత్యాన్ని ఆటగాడు అప్పుడు గ్రహిస్తాడు. దెబ్బను ఓర్చుకోవడం మొనగానితనంలో సగమే. దెబ్బ తన మీదనే పడేటట్లు చేసుకోవడం తక్కిన సగం.

అందుకు మూడు ఉపాయాలు. మొదటిది తావు: ద్వారంలోనో, ఇరుకు దారిలోనో నిలిస్తే, అతనిని దాటకుండ ఎవడూ లోపలికి పోలేడు. రెండవది భయం: అతనిని విడిచి పక్కకు పోబోయినవానికి వెనుకనుంచి దెబ్బ తప్పదు, అతనిని లెక్కచేయకపోతే నష్టం కలుగుతుంది. మూడవది కవ్వింపు: శత్రువు కోపాన్ని కోరి తన మీదికి త్రిప్పుకోవడం. 2004లో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' వంటి ఆటలలో ఈ కవ్వింపే ఒక విద్యగా ఏర్పడింది.

ఈ మూడు ఉపాయాలూ తెలుగు పాఠకునికి క్రొత్తవి కావు. తిక్కనామాత్యుడు తెనిగించిన ద్రోణపర్వాన్ని చదివిన విద్యార్థికి ఇవన్నీ పరిచితాలే. పదమూడవనాటి యుద్ధంలో అభిమన్యుడు పద్మవ్యూహాన్ని ఛేదించుకొని లోపలికి పోయినాడు. అతని వెంట పోవలసిన ధర్మజ భీమ నకుల సహదేవులను వ్యూహముఖంలో సైంధవుడు అడ్డగించినాడు. భీముని కంటె సైంధవుడు బలశాలి కాడు. ఆనాటికి అతనికి శివుని వరమున్నది. వరంతోపాటు సరియైన తావు కూడా దొరికింది. ద్వారంలో నిలిచిన ఒక్కడు నలుగురిని ఆపగలిగినాడు. కౌరవపక్షానికి ఆ గడియలో మొనగాడు అతడే. అభిమన్యుని విషయంలో లోపం శౌర్యానిది కాదు. ముందుకు పోయినవానికీ వెనుకనున్నవారికీ నడుమ తెంపు ఏర్పడింది. దాని ఫలమే ఆ పదహారేండ్ల బాలుని మరణం.

పదునాల్గవనాటి రాత్రి ఘటోత్కచుడు మూడవ ఉపాయానికి నిదర్శనం. అర్జునుని కోసం కర్ణుడు దాచుకొన్న ఇంద్రశక్తి ఒక్కసారికే పనికివచ్చే ఆయుధం. ఘటోత్కచుడు కౌరవసేనను ఎంతగా కలచివేసినాడంటే, ఆ శక్తిని అతని మీద ప్రయోగించక తప్పలేదు. దెబ్బ ఘటోత్కచునికి తగిలింది, బ్రదికినవాడు అర్జునుడు. పాండవశిబిరమంతా ఏడుస్తూవుంటే శ్రీకృష్ణుడు సంతోషించినాడని కవి చెప్పినాడు. మొనగానితనానికి చెల్లించవలసిన వెల ఎంతటిదో ఆ సంతోషంలోనే ఉన్నది.

పురాణాన్ని విడిచి చరిత్రకు వస్తే, ఈ ప్రశ్నకు ఉత్తరాంధ్రలో ఒక రక్తాక్షర సాక్ష్యం కలదు. అది బొబ్బిలి. 1753లో నిజాం సలాబత్ జంగు వలన ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి వశమైనవి. వారి సేనాని బుస్సీ కప్పము వసూలుకై వచ్చినాడు. విజయనగర ప్రభువు పెద విజయరామరాజు అతనితో చేతులు కలిపినాడు. విజయనగరానికీ బొబ్బిలికీ గల పాతవైరం ఫిరంగులను తోడు తెచ్చుకొన్నది. 1757 జనవరి 24వ తేదీన తెల్లవారగనే బొబ్బిలి కోట మీద గుండ్లు కురిసినవి.

లోపలివారు కొద్దిమంది, బయటివారు అనేకులు. అయినా కోట మధ్యాహ్నం దాకా నిలిచింది. బురుజులు విరిగినచోట శత్రువులు ఎక్కిరాగా, వెలమవీరులు చేతిపోరున వారిని వెనుకకు నెట్టినారు. విరిగిన గోడలోని కంత ఎంత ఇరుకైతే ఒక్కసారి లోపలికి రాగలవారు అంత తక్కువ. ద్వారంలో నిలిచిన సైంధవుని బలమే వారి బలం. కాని ఫిరంగికి ద్వారంతో పనిలేదు. ముందున్నవానిని దాటి, గోడను దాటి, వెనుకనున్న ఇండ్ల మీద పడగల ఆయుధమది. దాని ముందు ఏ డాలూ మొనగానిది కాజాలదు.

ఆ కోటలో ముందువరుస ఉన్నది. వెనుకకు పోవడానికి దారి లేదు. స్త్రీలూ బాలురూ అదే గోడల నడుమ చిక్కుకొన్నారు. ఇక కోట నిలువదని తేలినప్పుడు రాజా రంగారావు తీసుకొన్న నిర్ణయాన్ని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఓర్మ్ వ్రాసినాడు; దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రంలో పాడినాడు; పల్లెల కథకులు నేటికీ పాడుతున్నారు. శత్రువుల చేత చిక్కనీయరాదని, ఆడవారినీ పిల్లలనూ తమవారే హతమార్చినారు. ఇండ్లు అంటుకొన్నవి. రంగారావు తుపాకి గుండుకు కూలినాడు. ఎవరిని కాచడానికి ఆ ముందువరుస నిలిచిందో, వారే మిగులలేదు. ఒక్క చిన్నవాడు, రంగారావు కుమారుడు, ఒక వృద్ధుని చేతిలో బయటపడినాడు. వంశం ఆ బాలుని వలననే నిలిచింది.

ఆ దినాన బొబ్బిలికి అసలైన మొనగాడనదగిన తాండ్ర పాపారాయుడు కోటలో లేడు, రాజాంలో ఉన్నాడు. 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, ఆ యేట విజయనగరం జిల్లాలో చేరిన రాజాము అదే. వార్త అందేసరికి కోట బూడిదయింది. కొద్ది రాత్రుల అనంతరం అతడు శత్రుశిబిరంలో చొరబడి, డేరాలో ఉన్న విజయరామరాజును పొడిచి చంపినాడన్నది లోకప్రసిద్ధం. ఈ ఘట్టాన్ని పగగా చెప్పుకోవడం పరిపాటి. యుద్ధనీతి దృష్టితో చూస్తే మరొకటి కూడా కనబడుతుంది. గెలిచిన ప్రభువు చుట్టూ అంత సైన్యమున్నది, ఫ్రెంచి ఫిరంగులున్నవి. మొన అంతా ఎదుటనే ఉండిపోయింది, వెనుకదిక్కు బోసిపోయింది. ఓడిన కోటలో ఏ లోపం ఉన్నదో గెలిచిన శిబిరంలోనూ అదే ఉన్నది.

ఆటలో పడిపోయినవాడు మరల లేస్తాడు. పాత్ర రుచించకపోతే చెరిపి, 27ను మళ్ళీ పంచుకోవచ్చు. బొబ్బిలిలో లేచినవారు లేరు. అక్కడ 1891లో నిలిపిన స్మారకస్తంభం ముందు ఉపాధ్యాయుడు పిల్లలను నిలబెట్టినప్పుడు చెప్పవలసిన మొదటి భేదం ఇదే.

రెండవమాట చెప్పడానికి కంప్యూటరు అక్కరలేదు. గుడిమండపాల రాతిపలకల మీద, రచ్చబండల మీద గీసిన పులి-మేక పటం చాలును. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా గెంతి దానిని చంపుతుంది. కాని మేకకు అవతలి గడి ఖాళీగా ఉంటేనే గెంతగలదు. అక్కడ మరొక మేక నిలిచివుంటే ముందున్న మేకను పులి తాకలేదు. ముందున్నదానికి కొమ్ములు పెరగలేదు, కవచం రాలేదు. వెనుక తోడు వచ్చింది, అంతే. ఇట్లా ఒకదానికొకటి ఆనుకొంటూ నడిచిన మేకలు చివరకు పులులను కదలకుండ కట్టివేస్తవి. తొందరపడి ఒక్క మేకను ఒంటరిగా ముందుకు త్రోసినవాడు ఓడిపోతాడు.

వీరఘట్టంలో 1882లో పుట్టి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడై, రొమ్ము మీద ఏనుగును నిలుపుకొన్న కోడి రామమూర్తినాయుడు లోకానికి బలశాలిగా తెలుసు. ఏనుగును మోయడం కండబలంతోనే సాగే పని కాదు. ఏండ్ల తరబడి పట్టిన ఊపిరి, క్రమం తప్పని సాధన దాని వెనుక ఉన్నవి. చూచేవారికి ఏనుగు కనబడుతుంది, సాధన కనబడదు.

ప్రతి తరగతిలోను, ప్రతి ఇంటిలోను ఒక మొనగాడు ఉంటాడు; తరచుగా ఒక మొనగత్తె. తమ్ముళ్లకోసం చదువు ఆపుకొన్న అక్క, అందరి తప్పుకూ ముందు నిలిచి మాటపడే పిల్లవాడు. ఓర్చుకొంటున్నారు కదా అని వారి మీద మరొక బరువు వేయడం లోకరీతి. వారిని పొగడితే చాలదు. పులి-మేక పటం ముందు కూర్చున్న ముసలివాడు మేకను కదపబోయే ముందు దాని వెనుకగడిని ఒకసారి చూస్తాడు. ఉపాధ్యాయుడు చూడవలసినదీ ఆ గడినే.