చలిదేశపు సామాను, తిరుత్తణి ఎండ

మా అక్క కొడుకు ఒహాయోలో ఆరేళ్లుండి, పోయిన ఏడాది ఏప్రిల్‌లో తిరుత్తణికి తిరిగొచ్చేశాడు. వాడి పెట్టెల్లో ఒకటి తెరిచి చూస్తే బట్టలు లేవు. చుట్టలు చుట్టిన రాగి గొట్టం, గాజు తేలుడు కడ్డీ, పాములా వంకర తిరిగిన ప్లాస్టిక్ గొట్టాలు, పొడుగాటి ఉష్ణమాపకం, మూతి అంటించిన ఈస్టు పొట్లాలు ఉన్నాయి. అక్కడ ఇంట్లో బీరు చేసుకోవడం చాలామందికి సెలవుదినపు వ్యాపకం. 1978లో అమెరికా కేంద్రం చట్టం మార్చి, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా చేసుకోనిచ్చింది. మావాడు ఆ సరదాలో పడి, ఒక్కొక్కటే కొనుక్కుంటూ పోయాడు. "వీటిలో సగం అక్కడే పనికి రాలేదు మామా, పారేయడానికి మనసొప్పక తెచ్చాను" అన్నాడు.

ఇక్కడ బీరు మాటే లేదు. 1937 నాటి మద్యనిషేధ చట్టం తమిళనాట ఇంట్లో మద్యం తయారీని ఒప్పుకోదు. రాజాజీ ఆ చట్టాన్ని మొదట సేలం జిల్లాలో పెట్టి, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చారు. అప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. 1960 ఏప్రిల్ 1న కదా మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అంటే మా ఊరికి ఈ నిషేధంతో ఎనభై ఏళ్లకు పైబడిన పరిచయం. కానీ పులియబెట్టడం మాత్రం ఏ ఇంట్లోనూ ఒక్క రోజూ ఆగింది లేదు. ఇడ్లీ పిండి, పెరుగు, సద్దికూడు, రాగి అంబలి, అన్నీ ఆ శాస్త్రంలోవే. ఆ పెట్టెలో సామాను మా వంటింట్లో దేనికైనా అక్కరకొస్తుందేమో చూద్దామని, ఎండాకాలం సెలవులన్నీ మేమిద్దరం దానికే పెట్టాం. నేనూ ఊరికే లేను. పెరుగు తోడుకునే కరెంటు డబ్బా ఒకటి, ఆమ్లత కొలిచే మీటరు ఒకటి అంతకుముందే కొనిపెట్టి ఉన్నాను.

రాగి చుట్టతో మొదలుపెడతాను, ఎందుకంటే అది పనికిరాకపోవడం వెనుక ఉన్న కారణమే మిగతా వాటికీ వర్తిస్తుంది. బీరు చేసేవాళ్లు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజల రసాన్ని గంటసేపు మరిగించి, ఆ తర్వాత వీలైనంత త్వరగా 20 డిగ్రీల దగ్గరికి చల్లారుస్తారు. గోరువెచ్చగా ఎక్కువసేపు ఉంటే, మనం వేసే ఈస్టు కంటే ముందే గాలిలో తిరిగే సూక్ష్మజీవులు ఆ తీపి మీద వాలతాయి. అందుకే రాగి చుట్టను ఆ రసంలో ముంచి, గొట్టం లోపల కుళాయి నీళ్లు పారిస్తారు. 19 లీటర్ల రసాన్ని 100 నుంచి 20 డిగ్రీలకు దించాలంటే ఆరువేల కిలోజౌళ్లకు మించిన వేడిని బయటికి లాగాలి. ఒహాయో చలికాలంలో కుళాయి నీళ్లు చేతికి మంచులా తగులుతాయి, పని సులువుగా అయిపోతుంది. తిరుత్తణిలో మే నెల మధ్యాహ్నం మా మేడ మీది తొట్టి నీళ్లలో ఉష్ణమాపకం పెడితే 38 చూపించింది. వేడి ఎప్పుడూ వేడి వస్తువు నుంచి చల్లటి వస్తువుకే పోతుంది. రాగి ఎంత మంచి వేడివాహకమైనా, గొట్టం ఎన్ని చుట్లు చుట్టినా, నీటి వేడి కంటే ఒక్క డిగ్రీ కిందికి కూడా దించలేదు. 38 దగ్గర ఆ యంత్రం పని ముగిసిపోతుంది.

పోనీ, పాలు కాచి తోడుపెట్టే ముందు 40 డిగ్రీలకు చల్లార్చడానికైనా వాడదామా అంటే, మా అమ్మ చుట్టను చూసిన మరుక్షణమే వద్దంది. "రాగికి కళాయి లేదు. పుల్లటిది తగిలితే చిలుము పడుతుంది." ఆమె మాట రసాయనశాస్త్రానికి అచ్చంగా సరిపోతుంది. ఆమ్లం, గాలి రెండూ తగిలితే రాగి కరిగి ఆహారంలోకి దిగుతుంది. పైగా పాలల్లోని కొవ్వు త్వరగా కమరడానికి రాగి అణువులు దోహదం చేస్తాయి. మన పెద్దలు ఇత్తడికీ రాగికీ తగరం పూత వేయించుకున్నది ఇందుకే. పాలగిన్నెను చన్నీళ్ల పళ్లెంలో పెట్టి రెండుసార్లు కలిపితే చాలు, పావుగంటలో తోడు వేసే వెచ్చదనానికి వస్తుంది.

పెరుగు డబ్బా సంగతీ అంతే. దానిలో చేసేదల్లా పాలను 42 డిగ్రీల దగ్గర నిలిపి ఉంచడం. పెరుగులో ప్రధానంగా పనిచేసేవి లాక్టిక్ ఆమ్లపు బాక్టీరియాలు. అవి పాలచక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లత పెరిగి పీహెచ్ 4.6 దగ్గరికి వచ్చేసరికి కేసిన్ ప్రోటీన్ కణాలు ఒకదాన్నొకటి తోసుకోవడం మానేసి, వలలా అల్లుకుని, నీటిని తమలో పట్టేసుకుంటాయి. ముందే పాలు బాగా కాగి ఉంటే ఆ వల ఇంకా గట్టిగా అల్లుకుంటుంది. చల్లటి దేశాల్లో ఈ వెచ్చదనం నిలబెట్టడమే కష్టం. తిరుత్తణి వేసవిలో వంటగది తానే 36 దగ్గర ఉంటే, డబ్బా ఆపాల్సిన చోట ఆగదు. నాలుగు గంటల్లో తోడుకున్న పెరుగును ఎనిమిది గంటలు అదే వేడిలో ఉంచితే నోట పెట్టలేం. డిసెంబరు రాత్రుల్లో మాత్రం పనికొచ్చింది, ఒప్పుకోవాలి. కానీ వెచ్చటి పాలగిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బా పక్కన పెట్టినా అంతే పని జరిగింది. వేడి కొత్తగా పుట్టించనక్కర్లేదు, ఉన్నది పోకుండా చూస్తే చాలు.

గాజు తేలుడు కడ్డీ దగ్గర మావాడికి బాగా ఆశలుండేవి. పాలవాళ్ల దగ్గర లాక్టోమీటర్ చూసినవాళ్లకు ఇది కొత్తది కాదు. ద్రవం చిక్కగా ఉంటే కడ్డీ పైకి తేలుతుంది, పలచనైతే మునుగుతుంది. బీరులో చక్కెర ఈస్టు నోట పడి సారాయిగా, బొగ్గుపులుసు గాలిగా విడిపోతుంది. 180 గ్రాముల గ్లూకోజు నుంచి 92 గ్రాముల సారాయి, 88 గ్రాముల గాలి. ఆ గాలి బుడగలుగా పోతుంది, మిగిలిన సారాయి నీటి కంటే తేలిక. అందుకే సాంద్రత రోజురోజుకూ తగ్గుతూ, ఎంత పులిసిందో కడ్డీ చెప్పగలుగుతుంది.

మా ఇడ్లీ పిండిలో దాన్ని ముంచాం. వదిలిన చోటే నిలబడింది, పైకీ రాలేదు, కిందికీ పోలేదు. పిండి మామూలు ద్రవం కాదు. కొంత బలం పడేదాకా కదలని గుణం దానిది, ఆ పైన లోపలంతా బుడగలు. పోనీ పలచటి మజ్జిగలో చూస్తే, పొద్దుటికీ సాయంత్రానికీ అంకె దాదాపు మారలేదు. నాకు ఇక్కడే అసలు విషయం బోధపడింది. పాలు పులిసేటప్పుడు ఒక గ్లూకోజు అణువు రెండు లాక్టిక్ ఆమ్లపు అణువులవుతుంది. 180 గ్రాములు లోపలికి పోతే 180 గ్రాములే ఉంటాయి. బయటికి పోయేదేమీ లేదు, కనుక కడ్డీకి చెప్పడానికీ ఏమీ లేదు. మార్పు జరుగుతూనే ఉంది, కానీ బరువులో కాదు, పులుపులో. సారాయి పులుపును చూడడానికి పుట్టిన సాధనం పెరుగు పులుపును చూడలేదు.

చివరికి నాగలాపురం దారిలో కొన్న పదనీరులో ముంచినప్పుడు మాత్రం కడ్డీ చక్కగా తేలింది. తాటిచెట్టు రసంలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. అక్కడా ఒక చిక్కు వచ్చింది. ఆ కడ్డీ గీతలు 20 డిగ్రీలకు గీసినవి. 35 డిగ్రీల దగ్గర నీరే వ్యాకోచించి పలచబడుతుంది, కొలత నాలుగు వేయో వంతులు తక్కువ చూపిస్తుంది. 1.045 ఉండాల్సింది 1.041 అంటుంది. ఇదంతా లెక్కేసి కూర్చుంటే, పదనీరు దించే మనిషి కుండకు పూసిన సున్నమే మాకంటే శాస్త్రీయంగా కనిపించింది. సున్నం రసాన్ని క్షారంగా మారుస్తుంది, క్షారంలో ఈస్టు పెరగలేదు. అందుకే ఆ కుండలో రసం తీపిగా ఉండిపోతుంది. సున్నం లేని కుండలో అదే రసం కొన్ని గంటల్లో కల్లవుతుంది.

ఆమ్లత మీటరు నా సొంత తప్పు, దాన్ని ఎవరి మీదా తోయలేను. పీహెచ్ కొలత పుట్టిందే బీరు కార్ఖానా ప్రయోగశాలలో. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసే సోరెన్సెన్ 1909లో దాన్ని ప్రతిపాదించాడు. ఎన్‌జైములు ఎంత ఆమ్లతలో బాగా పనిచేస్తాయో అంకెల్లో చెప్పడం ఆయన అవసరం. నా మీటరు మొదటి వారం ముచ్చటగా పనిచేసింది. రుబ్బిన పిండి రాత్రి 6.1, పొద్దున 4.4. పిండి పొంగడం, పులవడం రెండూ ఒకే గ్రాఫులో చూసి పొంగిపోయాను. తర్వాత దాన్ని శుభ్రంగా కడిగి, తుడిచి, ఆరబెట్టి పెట్టెలో పెట్టాను. అదే తప్పు. ఆ గాజు కొసకు పైన నీటితో ఉబ్బిన పలచటి పొర ఒకటి ఉంటుంది. హైడ్రోజన్ అయాన్ల తేడాను విద్యుత్తుగా మార్చేది ఆ పొరే. దాన్ని ఎప్పుడూ పొటాషియం క్లోరైడు ద్రావణంలో తడిగా ఉంచాలి, తెలిసిన విలువ ఉన్న ద్రావణాలతో తరచూ సరిచూడాలి. ఆరిపోయాక మా మీటరు నిమ్మరసంలో 5.2 అంది. నిమ్మరసం అసలు విలువ 2 కంటే కొంచెం పైన ఉంటుంది. రంగుమారే లిట్మస్ తరహా కాగితపు చుట్ట ఒకటి కొని ఉంటే, వంటింటికి అంతకంటే కావలసింది లేదు.

పాము గొట్టాల గురించి ఎక్కువ చెప్పను. లోపలి గాలి బయటికి పోతూ, బయటి గాలి లోపలికి రాకుండా నీటిముద్ర వేసే సాధనమది. ఇడ్లీ పిండి పొంగి గొట్టంలోకి ఎక్కి బిగుసుకుపోయింది. ఆవకాయ జాడీకి పెడితే ఒక్క బుడగా రాలేదు, ఎందుకంటే ఆవకాయను నిలిపేది ఉప్పు, నూనె, మామిడి పులుపు. ఉప్పునీళ్లలో ఊరేసిన దోసకాయలకు మాత్రం పనిచేసింది.

ఈస్టు పొట్లం మాత్రం చాలా ఇళ్లల్లో ఉన్న అపోహను తిరగదోడింది. ఇడ్లీ పొంగాలంటే ఈస్టు కావాలని, చలిదేశాల్లో ఉండే మనవాళ్లు పిండిలో చిటికెడు వేస్తుంటారు. 1965లో ముఖర్జీ, స్టెయిన్‌క్రాస్ మొదలైన శాస్త్రవేత్తలు ఇడ్లీ పిండిని శోధించి, పొంగుకు ముఖ్య కారణం లూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బాక్టీరియా అని తేల్చారు. అది మినప్పప్పుతోనే వస్తుంది. చక్కెరను పులుపుగానూ, కొంత బొగ్గుపులుసు గాలిగానూ మారుస్తుంది. మినుములోని జిగురు ఆ గాలిని పట్టి ఉంచుతుంది. ఈస్టు వేస్తే పొంగుతుంది, నిజమే, కానీ వాసన రొట్టెది, రుచి ఇడ్లీది కాదు.

మా ఊరికి పనికొచ్చే విషయం ఆ బాక్టీరియా స్వభావంలోనే ఉంది. లూకోనాస్టాక్‌కు 20 నుంచి 30 డిగ్రీలు హాయి. దాని వెనకే వచ్చే పీడియోకాకస్ జాతివి ఇంకా వేడిని ఓర్చుకుంటాయి, గాలి వదలవు, పులుపే చేస్తాయి. మే నెలలో తిరుత్తణి పిండి పొంగీ పొంగకుండానే ఎందుకు పుల్లబడుతుందో ఇదే చెబుతుంది. వాతావరణ శాఖ వేసవి పట్టికల్లో వేలూరు, తిరుత్తణి పేర్లు తరచూ పక్కపక్కనే ఉంటాయి, 40 దాటడం ఇక్కడ వార్త కాదు. మనకు కావలసింది వెచ్చబరిచే సాధనం కాదు, చల్లబరిచేది. ఈ ఎండలో పనిచేసే అలాంటిది ఆ పెట్టెలో ఒక్కటీ లేదు. మా వంటింట్లో ఉంది.

అమ్మ పిండి గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టి, కిటికీ దగ్గర ఉంచుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరైపోతూ సుమారు 2400 జౌళ్ల వేడిని తనతో తీసుకుపోతుంది. మూడు కిలోల పిండిని నాలుగు డిగ్రీలు దించడానికి లెక్క ప్రకారం ఇరవై గ్రాముల లోపు నీరు ఆవిరైతే చాలు. బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కనుక నిజానికి ఇంకా ఎక్కువే కావాలి, అందుకే గుడ్డ చివర నీళ్లలో మునిగి ఉండాలి. గాలిలో 40 డిగ్రీలు, తేమ నూటికి 30 ఉన్న రోజున తడిగుడ్డ దిగగలిగిన హద్దు 26 దగ్గర. అంతదాకా ఎప్పుడూ దిగదు, 31కి వచ్చినా పిండి బతికిపోతుంది. సముద్రానికి ఇంకా దగ్గరైన తిరువళ్ళూరులో సాయంత్రం తేమగాలి తగిలితే ఇదే గుడ్డ అంత చల్లబరచదు. అక్కడుండే మా చిన్నమ్మ ఐసు నీళ్లు పోసి రుబ్బుతుంది. రుబ్బేటప్పుడు రాపిడికి పుట్టే వేడిని అక్కడికక్కడే చంపేస్తుందన్నమాట. మిక్సీలో రుబ్బేవాళ్లకు ఇది ఇంకా అవసరం.

ఆ పెట్టెలో నిలిచింది ఒక్కటే, ఉష్ణమాపకం. రాగి చుట్ట అరక్కోణంలో తూకానికి పోయింది, తేలుడు కడ్డీని నేను మా ఊరి బడిపిల్లల కోసం అడిగి పెట్టుకున్నాను. ఉష్ణమాపకం మాత్రం ఇప్పుడు గ్రైండరు పక్కన మేకుకు వేలాడుతోంది. పోయిన ఆదివారం రాత్రి అమ్మ దాన్ని పిండిలో గుచ్చి, వెలుతురులోకి ఎత్తి చూసి, మావాణ్ణి పిలిచింది. "ముప్పైమూడు చూపిస్తా ఉంది రా అబ్బోడా. ఆ గుడ్డ తడిపి తే."