ఒక్క నిమిషం విరామంలో బాక్సర్ ఒంట్లో ఏం జరుగుతుంది?

గంట మోగుతుంది. బాక్సర్ తన మూలకు వచ్చి స్టూలు మీద కూలబడతాడు. కోచ్ అతని నోట్లోంచి మౌత్‌గార్డ్ తీసి, ముఖం తుడిచి, చెవి దగ్గర రెండు మాటలు చెబుతాడు. అరవై సెకన్లకు మళ్లీ గంట. చూసేవాళ్లకు అది చిన్న విరామం. బాక్సర్ కండరాలకు మాత్రం ఊపిరి సలపనంత పని ఉండేది అప్పుడే. ఆ నిమిషంలో ఎంత కోలుకుంటే తరువాతి రౌండ్‌లో అంత సత్తువ.

స్టామినా అంటే ఎక్కువసేపు ఆగకుండా పరిగెత్తగలగడం అని చాలామంది అనుకుంటారు. మారథాన్‌కు ఆ అర్థం సరిపోతుంది. బాక్సింగ్ సంగతి వేరు. ఒలింపిక్ తరహా పోరులో మూడు రౌండ్లు, ఒక్కొక్కటి మూడు నిమిషాలు, మధ్యలో రెండు విరామాలు. అంతా కలిపి 11 నిమిషాలు. ఓ మాదిరి ఆరోగ్యంగా ఉన్న కాలేజీ కుర్రాడు అంతసేపు అలవోకగా జాగింగ్ చేయగలడు. అదే కుర్రాడికి గ్లవ్స్ తొడిగి రింగులోకి పంపితే రెండో నిమిషానికే చేతులు బరువెక్కి కిందికి జారతాయి.

కారణం కండరాల ఇంధనంలో ఉంది. కండరం నేరుగా వాడుకోగలిగేది ఏటీపీ అనే అణువునే. నిల్వ ఉన్న ఏటీపీ పూర్తి వేగంతో పనిచేస్తే రెండు మూడు సెకన్లకు మించి రాదు. కాబట్టి ఖర్చవుతున్న కొద్దీ తయారు చేసుకుంటూ ఉండాలి. వరుసగా నాలుగైదు పంచ్‌లు విసిరినప్పుడు మొదట ఆదుకునేది ఫాస్ఫోక్రియాటిన్. ఇది జేబులో చిల్లర లాంటిది. తీసిన వెంటనే ఖర్చుపెట్టొచ్చు, కానీ గట్టిగా వాడితే పది సెకన్లలో అడుగంటుతుంది. రెండో దారి గ్లైకాలిసిస్. ఆక్సిజన్‌తో పని లేకుండా గ్లూకోజ్‌ను విడగొట్టి చకచకా శక్తినిస్తుంది, కానీ దానితోపాటే కండరంలో ఆమ్లత పెరుగుతుంది. మూడోది మైటోకాండ్రియాలో ఆక్సిజన్ సాయంతో జరిగే దహనం. ఇది నెమ్మదైనదే, కానీ ఊట బావిలా ఊరుతూనే ఉంటుంది.

మధ్యలో ఒక అపనింద గురించి చెప్పుకోవాలి. కండరాల మంటకూ, మర్నాటి ఒళ్లు నొప్పులకూ లాక్టిక్ ఆమ్లమే కారణమని జిమ్‌లలో ఇప్పటికీ వినిపిస్తుంది. లాక్టేట్ చెత్త కాదనీ, ఒక కండరంలో పుట్టినదాన్ని గుండె, ఇతర కండరాలు ఇంధనంగా మండించుకుంటాయనీ అమెరికా శాస్త్రవేత్త జార్జ్ బ్రూక్స్ 1980ల నుంచి చూపిస్తూనే వచ్చారు. నేరం మాత్రం ఇంకా దాని మీద నుంచి పోలేదు.

ఇక అసలు కిటుకు. ఖర్చయిన ఫాస్ఫోక్రియాటిన్ తిరిగి నిండాలంటే ఆక్సిజన్ కావాలి. 1970ల్లో జరిగిన ఒక ప్రయోగంలో తొడ కండరాన్ని బాగా అలసిపోనిచ్చి, వెంటనే కాలికి పట్టీ బిగించి రక్తప్రసారాన్ని ఆపేశారు. రక్తం ఆగినంతసేపూ నిల్వ నిండనే లేదు. రక్తం పారుతూ ఉంటే మాత్రం అర నిమిషం అటూ ఇటుగా సగం దాకా నిండుతుంది. కండరంలో ఆమ్లత బాగా పెరిగిపోతే ఇంకా ఆలస్యమవుతుంది. అంటే పంచ్ విసరడానికి ఆక్సిజన్ అక్కర్లేకపోయినా, మరో పంచ్‌కు సిద్ధం కావడానికి అది లేనిదే కుదరదు. రెండు నిమిషాల చొప్పున మూడు రౌండ్ల సాధన పోరును కొలిచిన ఒక అధ్యయనంలో మొత్తం శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆక్సిజన్ దారి నుంచే వచ్చినట్టు తేలింది. మెరుపు వేగపు ఆట అనుకున్నదాన్ని నడిపిస్తున్నది నెమ్మదైన ఇంజనే అన్నమాట.

తెల్లవారుజామున రోడ్డు మీద పరుగు బాక్సర్ల పాత ఆచారం. దానికి శాస్త్రం మద్దతు ఉంది. నెలల తరబడి తేలికపాటి వేగంతో పరిగెత్తితే గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపడం నేర్చుకుంటుంది. 1967లో జాన్ హొలోజీ ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద వారాల తరబడి పరిగెత్తించి చూస్తే, వాటి కాలి కండరాల్లో ఆక్సిజన్‌ను వాడుకునే ఎంజైముల సామర్థ్యం సుమారు రెట్టింపైంది. అయితే ఈ మార్పు పనిచేసిన కండరంలోనే వస్తుంది. ఒక కాలితోనే సైకిల్ తొక్కించి చేసిన ప్రయోగాల్లో సాధన చేసిన కాలి కండరమే మారింది, రెండోది దాదాపు ఎప్పటిలాగే ఉండిపోయింది. ఎంత దూరం పరిగెత్తినా భుజాల్లో మైటోకాండ్రియా పెరగకపోవడానికి కారణం ఇదే. బ్యాగ్, ప్యాడ్స్, స్పారింగ్‌లకు పరుగు ప్రత్యామ్నాయం కాలేదు.

వేగం సంగతికి వస్తే జపాన్ పరిశోధకుడు ఇజుమి తబాటా పేరు చెప్పుకోవాలి. ఆయన బృందం 1996లో ప్రచురించిన ప్రయోగంలో ఒక జట్టు వారానికి ఐదు రోజులు, రోజుకు గంట చొప్పున ఓ మోస్తరు వేగంతో సైకిల్ తొక్కింది. మరో జట్టు ఒళ్లు దాచుకోకుండా 20 సెకన్లు తొక్కి 10 సెకన్లు ఆగుతూ, అలా ఏడెనిమిది సార్లు చేసింది. ఆరు వారాల తరువాత రెండు జట్లకూ ఆక్సిజన్ వాడే సామర్థ్యం పెరిగింది. ఆక్సిజన్ లేకుండా శక్తి పుట్టించే సామర్థ్యం మాత్రం రెండో జట్టుకే, 28 శాతం పెరిగింది. దీన్ని చూసి నాలుగు నిమిషాల సాధన చాలని చెప్పేవాళ్లు బయలుదేరారు. పరుగు వేసిన పునాది లేకుండా ఈ తరహా సాధన మొదలుపెట్టినవారు ఎక్కువ రోజులు తట్టుకోలేరు. అందుకే శిక్షకులు తొలి వారాల్లో పరుగు పాలు ఎక్కువ ఉంచి, పోటీ దగ్గర పడేకొద్దీ మూడు నిమిషాల బ్యాగ్ రౌండ్లు, ఒక నిమిషం విరామం అనే పోరు లయలోకి తీసుకొస్తారు. విరామం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి నాడి లెక్కపెడితే పురోగతి తెలుస్తుంది. వారాలు గడిచేకొద్దీ ఆ నిమిషంలో గుండె వేగం మరింతగా తగ్గుతూ రావాలి.

ఇదంతా రాబడి వైపు. ఖర్చు వైపూ చూడాలి. కొత్తవాళ్లు త్వరగా అలసిపోవడానికి పెద్ద కారణం బిగుసుకుపోవడం. పిడికిలి, భుజం ఎప్పుడూ బిగించి ఉంచితే కండరమే లోపలి రక్తనాళాలను నొక్కేస్తుంది. ఊపిరి బిగబట్టడం మరో తప్పు. పంచ్‌తోపాటు వినిపించే ఆ చిన్న 'హుష్' శబ్దం ఊపిరి వదలడమే. అన్నిటికంటే ఖరీదైనది గురి తప్పిన పంచ్. తగిలిన చేతిని ప్రత్యర్థి శరీరమే ఆపుతుంది. గాల్లోకి పోయిన చేతిని ఆపాల్సింది విసిరినవాడి కండరాలే. వేగం ఇవ్వడానికో ఖర్చు, దాన్ని ఆపడానికి మరో ఖర్చు.

1974 అక్టోబరు 30న కిన్షాసాలో మహమ్మద్ అలీ ఈ లెక్కతోనే ఆడాడు. జార్జ్ ఫోర్‌మన్‌కు 25 ఏళ్లు, అప్పటివరకు ఓటమి ఎరగడు. 32 ఏళ్ల అలీ తాళ్లకు ఆనుకుని, చేతులు అడ్డుపెట్టుకుని రౌండ్ల తరబడి అతన్ని కొట్టనిచ్చాడు. ఎనిమిదో రౌండ్‌లో నేలకొరిగింది ఫోర్‌మన్.

అలసటకు రింగులో మరో మూల్యం కూడా ఉంది. చేతులు జారితే తల బయటపడుతుంది, కళ్లు చూసినదానికి ఒళ్లు స్పందించడం ఆలస్యమవుతుంది. 1982 నవంబరులో లాస్ వేగాస్‌లో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డూక్ కూ 14వ రౌండ్‌లో కూలిపోయి, కొద్ది రోజులకే మరణించాడు. ఆ తరువాతే వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ ప్రపంచ టైటిల్ పోరును 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించింది.

నెలల తరబడి కూడగట్టిన స్టామినాను రెండు రోజుల్లో పోగొట్టే పని ఒకటుంది, బరువు కోత. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలోని ద్రవం తగ్గుతుంది. గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తమూ తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి అది వేగంగా కొట్టుకోవాలి. శరీర బరువులో రెండు శాతం నీరు పోతేనే ఓర్పు దెబ్బతినడం మొదలవుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. తిండి మానేస్తే గ్లైకోజెన్ కరుగుతుంది, దానితో నిల్వ ఉన్న నీరూ పోతుంది. నీళ్లు కొంతవరకు గంటల్లో పుంజుకోవచ్చు. ఖాళీ అయిన గ్లైకోజెన్ పూర్తిగా నిండాలంటే బాగా తిన్నా సుమారు ఒక రోజు పడుతుంది. ఒలింపిక్ బాక్సింగ్‌లో బరువు తూచేది పోటీ రోజు ఉదయమే.

నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు. ఉన్నవి 50, 54. ఆమె 50ని ఎంచుకుని, 2023లో న్యూఢిల్లీలో ఆ బరువులోనూ ప్రపంచ టైటిల్ గెలిచారు. 2024 ఆగస్టు 1న పారిస్‌లో ఆమె ప్రీక్వార్టర్స్‌లో ఓడింది చివరికి స్వర్ణం గెలిచిన చైనా బాక్సర్ వూ యు చేతిలో. కాబట్టి ఓటమికి బరువొక్కటే కారణమని చెప్పలేం. కానీ బరువు అదుపు కోసం రెండు రోజులుగా ఏమీ తినలేదని, కోలుకునే సమయం దొరకలేదని పోరు తరువాత ఆమె విలేకరులకు చెప్పారు. 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల నాటికి విభాగాలు మారాయి. అక్కడ ఆమె 51 కిలోల్లో దిగారు. పెరిగింది ఒక్క కిలో, ఆమె బరువులో రెండు శాతం.