మూత్రపిండ దానం తరువాత మాతృత్వం

తమ్ముడికి రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకుంటున్నాడు. తల్లికి మధుమేహం, తండ్రికి రక్తపోటు ఉన్నాయి. వారి మూత్రపిండం పనికిరాదని డాక్టర్లు తేల్చారు. అక్కకు 26 ఏళ్లు, పెళ్లి కాలేదు, ఆరోగ్యంగా ఉంది, రక్తపు గ్రూపు కలిసింది. ఇవ్వడానికి ఆమె సిద్ధమే. కాని ఇంట్లో ఒక ప్రశ్న అందరి మనసులోనూ మెదులుతోంది, ఎవరూ పైకి అడగడం లేదు: "రేపు ఈ పిల్లకు పిల్లలు పుడతారా?"

మన దేశంలో ఎన్నో కుటుంబాలకు ఎదురయ్యే పరిస్థితి ఇది. బతికి ఉండగా మూత్రపిండం ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలే: తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు. అందుచేత ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఏమి జవాబు చెబుతోందో తెలుసుకోవడం అవసరం.

ఒక్క మూత్రపిండం సరిపోతుందా?

ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత యూనిట్లు ఉంటాయి. వీటిని నెఫ్రాన్లు అంటారు. ఒక మూత్రపిండాన్ని తీసివేసినప్పుడు కొత్త నెఫ్రాన్లు పుట్టవు. కాని మిగిలిన మూత్రపిండానికి రక్త ప్రసరణ పెరుగుతుంది, అది కొంత పెద్దదవుతుంది, ఎక్కువ పని చేయడం నేర్చుకుంటుంది. ఆపరేషన్ జరిగిన వెంటనే సగానికి తగ్గిన వడపోత సామర్థ్యం కొన్ని వారాల నుంచి కొన్ని నెలలలోపు మొదట ఉన్నదానిలో దాదాపు 70 శాతానికి చేరుతుంది. రోజువారీ జీవితానికి ఇది చాలు.

గర్భం ధరించినప్పుడు తల్లి శరీరంలో రక్త పరిమాణం బాగా పెరుగుతుంది. మామూలు స్త్రీలో మూత్రపిండాల వడపోత సుమారు 50 శాతం పెరుగుతుంది. దాతలో మిగిలిన ఒక్క మూత్రపిండం కూడా ఈ అదనపు భారాన్ని మోయగలదు. దానం చేసిన ఎందరో స్త్రీలు ఆరోగ్యవంతులైన బిడ్డలను కన్నారు.

ఇక్కడ కొన్ని అపోహలు తొలగించుకోవాలి. మూత్రపిండం తీసే ఆపరేషన్‌లో గర్భసంచిని, అండాశయాలను, వాటి నాళాలను ముట్టుకోరు. కనుక గర్భం ధరించే శక్తి తగ్గదు. తల్లికి ఒక్క మూత్రపిండమే ఉన్నందువల్ల బిడ్డ కూడా ఒక్కదానితోనే పుడుతుందన్నది నిజం కాదు. ఆపరేషన్‌లో పోయినది వారసత్వంగా రాదు.

జాగ్రత్త పడవలసింది ఎక్కడ?

అసలు విషయం రక్తపోటు. గర్భం 20 వారాలు దాటిన తరువాత రక్తపోటు 140/90 లేదా అంతకు మించి ఉంటూ, మూత్రంలో ఆల్బుమిన్ పోవడం వంటి మార్పులు కనిపిస్తే దానిని ప్రీఎక్లాంప్సియా అంటారు. నిర్లక్ష్యం చేస్తే ఇది మూర్ఛలకు, అంటే మనవాళ్లు గుర్రపువాతం అనే స్థితికి దారితీయవచ్చు. తల్లీ బిడ్డలిద్దరికీ అది ప్రమాదం.

దాతలలో ఈ సమస్య ఎంత ఎక్కువ? 2009లో నార్వే నుంచి, అమెరికాలోని మిన్నెసోటా నుంచి వచ్చిన అధ్యయనాలు, దానానికి ముందు వచ్చిన గర్భాలకంటే తరువాతి గర్భాలలో ప్రీఎక్లాంప్సియా ఎక్కువని చూపాయి. అయితే దానం నాటికి స్త్రీ వయసు పెరుగుతుంది. వయసుతో రక్తపోటూ పెరుగుతుంది. కాబట్టి కారణం దానమా, వయసా అన్న సందేహం మిగిలింది. పోనీ మామూలు జనాభాతో పోల్చుదామంటే, అన్ని పరీక్షలలోనూ నెగ్గిన అత్యంత ఆరోగ్యవంతులనే దాతలుగా ఎంచుకుంటారు. ఆ పోలిక న్యాయం కాదు.

కెనడాలోని ఒంటారియో రాష్ట్ర పరిశోధకులు ఈ చిక్కును దాటే ప్రయత్నం చేశారు. 85 మంది దాతలకు దానం తరువాత వచ్చిన 131 గర్భాలను, దాతలంత ఆరోగ్యవంతులైన, దానం చేయని 510 మంది స్త్రీల 788 గర్భాలతో పోల్చారు. ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. గర్భంతో వచ్చే అధిక రక్తపోటు గాని, ప్రీఎక్లాంప్సియా గాని దాతలలో 11 శాతం, ఇతరులలో 5 శాతం గర్భాలలో కనిపించింది. నెలలు నిండకుండా కాన్పు కావడంలోనూ, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడంలోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దాతలలో తల్లి మరణం గాని, శిశు మరణం గాని జరగలేదు.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. ప్రమాదం రెట్టింపుకు పైగా పెరిగింది, అది నిజం. 100 గర్భాలలో 89కి ఈ సమస్య రాలేదు, అదీ నిజం. ఏ ఒక్కటి దాచి చెప్పినా ఆ అమ్మాయికి అన్యాయం చేసినట్లే.

దానానికి ముందు

ఇంట్లో పిల్లలు కనడం పూర్తయిన దాత మరొకరు ఉంటే ముందుగా వారిని పరిశీలించడం మంచిది. జీవన్‌దాన్ వంటి పథకాలలో పేరు నమోదు చేసుకుని, మరణించిన దాత మూత్రపిండం కోసం ఎదురుచూసే మార్గమూ ఉంది. వేరే దారి లేక యువతే ఇవ్వవలసి వస్తే, పైన చెప్పిన ప్రమాదాన్ని సంతకానికి ముందే ఆమెకు వివరించాలి. ఆపరేషన్‌కు ముందు ఆమె గర్భవతి కాదని పరీక్షతో నిర్ధారించుకోవాలి.

2014 నాటి అవయవ మార్పిడి నియమాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. దాత స్త్రీ అయినప్పుడు మరింత జాగ్రత్త తీసుకోవాలి, ఆమె స్వతంత్ర సమ్మతిని గ్రహీత కాక వేరొకరు ధ్రువీకరించాలి. అంటే ఆమె వద్దనడానికి కూడా హక్కు ఉంది. వద్దన్నంత మాత్రాన తోబుట్టువుపై ప్రేమ లేదని కాదు.

దానం తరువాత

శరీరం కోలుకోవడానికి, మిగిలిన మూత్రపిండం కుదుటపడడానికి కనీసం 6 నెలలు, వీలైతే ఏడాది ఆగి గర్భం ధరించడం మేలు. అంతకు ముందు రక్తపోటు, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి.

గర్భం నిలిచిన తరువాత మొదటిసారి చూపించుకున్నప్పుడే "నేను మూత్రపిండం ఇచ్చాను" అని డాక్టరుకు చెప్పాలి, ఆరోగ్య కార్డుపై రాయించాలి. అత్తవారింట్లో తెలియకూడదని ఈ విషయం దాచడం ప్రాణాలకే ముప్పు. ప్రీఎక్లాంప్సియాను నివారించడానికి సుమారు 12 వారాల నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ అవసరమా కాదా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. సొంతంగా వాడకూడదు. నొప్పి మాత్రలు అడగకుండా కొని మింగకూడదు. మూత్రంలో మంట ఉన్నా, జ్వరం వచ్చినా వెంటనే చూపించుకోవాలి.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతులు ఉబ్బడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కాన్పు తరువాత కూడా కొన్ని వారాలు రక్తపోటు చూపించుకుంటూ ఉండాలి. మూత్రపిండం ఇచ్చినంత మాత్రాన సిజేరియన్ చేయనక్కరలేదు. ఇతర కారణాలేవీ లేకపోతే మామూలు కాన్పే కావచ్చు.

మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇది: పిల్లలు పుడతారు. కాని ఆ తొమ్మిది నెలలూ ఆమెను కొంచెం ఎక్కువగా కనిపెట్టుకుని ఉండాలి. తమ్ముడికి ఆమె ప్రాణం పోసింది. ఆమె గర్భవతి అయిన రోజున, నెలనెలా రక్తపోటు చూపించుకుందా అని అడిగి తెలుసుకునే బాధ్యత ఆ ఇంటిదే.