మైకులో చెప్పిన ప్రార్థన విన్నపం



మా దగ్గర క్షయకు మందులు వాడుతున్న ఒక సహోదరి రెండో నెలలో రావడం మానేసింది. ఫోను చేస్తే ఎత్తలేదు. మా సిస్టరు ఇంటికి వెళ్తే సంగతి తెలిసింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఎవరో ఆమె పేరు, వీధి, జబ్బు అన్నీ మైకులో చెప్పి ప్రార్థన చేయించారు. చెప్పినవారిది చెడు ఉద్దేశం కాదు, కన్నీళ్ళతోనే చెప్పారట. కాని ఆ వారం నుండి పక్కింటి పిల్లలు ఆడుకోవడానికి రాలేదు. అత్తగారు కంచం, గ్లాసు వేరు చేసింది. ఆసుపత్రి గేటు దగ్గర ఎవరైనా చూస్తారేమోనని ఆమె మందులే మానుకుంది.

ఈ రోజుల్లో విశ్వాసాన్ని ఎలా పంచుకోవాలని మన కూడికలలో తరచు అడుగుతుంటారు. కరపత్రాలు, పాటల సీడీలు అయిపోయి ఇప్పుడు ఫోనులో వాక్యాలు పంపుతున్నాం. మంచిదే. కాని రోగి దగ్గర మన నోటికి కళ్ళెం ఉందో లేదో ముందు చూసుకోవాలని మాకు అనిపిస్తుంది. మన సువార్తను ఇరుగుపొరుగు మొదట అక్కడే చదువుతారు.

సువార్తలలో ప్రభువు చేసిన పని చూడండి. కుష్ఠరోగిని ముట్టి బాగుచేసి, ఎవరితోనూ చెప్పవద్దన్నాడు, యాజకునికి కనబరచుకోమన్నాడు. యాయీరు ఇంట్లో గుంపునంతా బయటికి పంపి, తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రమే లోపల ఉంచుకున్నాడు. పిల్ల లేచాక ఆమెకు తిండి పెట్టమన్నాడు.

మన గుంటూరు సంగతి కూడా ఉంది. అన్నా సారా కుగ్లర్ గారు డాక్టరే అయినా, 1883లో లూథరన్ మిషను ఆమెకు ఇచ్చిన పని వైద్యం కాదు, ఇళ్ళలో ఘోషా స్త్రీలకు చదువు చెప్పడం. అయినా జబ్బుపడిన స్త్రీలు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. 1885లో వైద్య మిషనెరీగా నియమించారు, 1898లో ఆసుపత్రి తెరిచారు. మగ డాక్టరుకు చెప్పుకోలేని బాధను ఆ స్త్రీలు ఆమెకు చెప్పుకున్నారంటే, ఆ మాట గడప దాటదనే నమ్మకం ఉండబట్టే కదా!

క్షయ గురించి ఒక మాట. మందులకు లొంగే మామూలు క్షయకు సాధారణంగా 6 నెలలు మాత్రలు వాడాలి. సరైన మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలకే ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గుతుంది. కంచం వేరు చేయనక్కరలేదు, క్షయ కంచాల ద్వారా రాదు, దగ్గినప్పుడు గాలి ద్వారా వస్తుంది. రెండో నెలకు దగ్గు తగ్గి, ఒళ్ళు వస్తుంది. సరిగ్గా అప్పుడే "స్వస్థత కలిగింది, సాక్ష్యం చెప్పు, ఇక మాత్రలెందుకు" అనేవారు ఉంటారు. అలా మధ్యలో మానినవారిలో కొందరికి మందులకు లొంగని క్షయ తిరగబెడుతుంది. దయచేసి ఆ మాట అనకండి. ప్రార్థన చేయండి, మాత్ర వేసుకున్నారా అని కూడా అడగండి. హెచ్.ఐ.వి. విషయంలోనైతే, నమ్మి చెప్పిన సంగతిని రోగి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 చట్టం నిషేధిస్తుంది కూడా.

వార్డుకు వచ్చేవారికి మా మనవి. సెలైన్ ఎక్కుతున్న మనిషి లేచి వెళ్ళిపోలేడు. అతనికి అరగంట ప్రసంగం చేయడం న్యాయం కాదు. "మీ కోసం ప్రార్థన చేయమంటారా?" అని అడగండి. వద్దంటే కాసేపు కూర్చుని, ఫ్లాస్కులో వేడినీళ్ళు నింపి రండి. కూడికలో విన్నపం చెప్పాలంటే రోగిని ముందే అడగండి. "ఒక సహోదరి ఆరోగ్యం కొరకు" అన్నా దేవునికి ఎవరో తెలుసు.

ఆ సహోదరి తిరిగి మందులు మొదలుపెట్టి కోర్సు పూర్తి చేసింది. కళ్ళె పరీక్షలో క్రిములు లేవని వచ్చింది. సంఘ పెద్దలు ఇద్దరు ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగారు. తలుపు తీసింది, కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆరాధనకు మాత్రం ఇంకా రాలేదు.